నంబరు కలిసిందా?

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో సనాతన యూదుల ఇళ్లలో పెళ్లి సంబంధం కాస్త ముందుకు కదిలిందంటే, రెండు వైపుల పెద్దలూ ఒక ఫోన్ చేస్తారు. అబ్బాయి నంబరు ఇది, అమ్మాయి నంబరు ఇది అని చెబుతారు. పేర్లు చెప్పరు, ఇంటిపేర్లు చెప్పరు. అవతలి నుంచి వచ్చే జవాబు ఒక్క ముక్క. నంబర్లు కలిశాయి, లేదా కలవలేదు. కలవకపోతే ఆ సంబంధం అక్కడితో ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో ఊళ్లో ఎవరికీ తెలియదు. మాట కుదరలేదట అనుకుంటారు, మరో సంబంధం చూస్తారు.

మన ఇళ్లలో జాతకాలు పంతులుగారికి పంపించినట్టే ఉంది కదా! పంతులుగారు గ్రహాలు చూస్తారు, వీళ్లు రక్తం చూస్తారు. అబ్బాయీ అమ్మాయీ బడిలో చదువుకునే వయసులోనే రక్తం ఇచ్చి ఉంటారు. సీసా మీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ఆ నంబరు వెనక ఏముందో ఆ పిల్లలకూ చెప్పరు.

ఈ ఏర్పాటు పేరు దోర్ యెషోరిమ్. హీబ్రూ భాషలో ‘నీతిమంతుల తరం’ అని అర్థం. 1983లో దీన్ని మొదలుపెట్టినాయన డాక్టరు కాదు. జోసెఫ్ ఎక్‌స్టైన్ అనే రబ్బీ, అంటే యూదు మతగురువు. అప్పటికే నలుగురు బిడ్డలను ఒకే జబ్బుకు పోగొట్టుకున్న తండ్రి.

ఆ జబ్బు టే-సాక్స్. పుట్టినప్పుడు బిడ్డ బంగారుబొమ్మలా ఉంటుంది. నవ్వుతుంది, బోర్లా పడుతుంది. ఆరు నెలల ప్రాంతంలో ఏదో తేడా మొదలవుతుంది. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంది. నేర్చుకున్నవి ఒక్కొక్కటే మరిచిపోతుంది. కూర్చునే బిడ్డ మళ్లీ కూర్చోలేదు. చూపు పోతుంది, ఫిట్స్ వస్తాయి, పాలు మింగడం కష్టమవుతుంది. నాలుగైదేళ్లకు ప్రాణం పోతుంది. నయం చేసే మందు అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు.

మెదడులోని నరాల కణాల్లో గాంగ్లియోసైడ్ అనే ఒక రకం కొవ్వు ఎప్పటికప్పుడు తయారవుతుంటుంది, ఎప్పటికప్పుడు విరిగిపోతుంటుంది. విరగ్గొట్టే పని హెక్సోసామినిడేజ్-ఎ అనే ఎంజైమ్‌ది. అది లేకపోతే కొవ్వు పేరుకుపోతుంది. చెత్తబండి రాని వీధి ఎలా తయారవుతుందో కణం అలా తయారవుతుంది. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు మనకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. మనిషి నిక్షేపంగా ఉంటాడు. తాను వాహకుడినని నూరేళ్లు బతికినా తెలియదు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకున్నప్పుడే చిక్కు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడానికి లేదు, లెక్క ప్రతిసారీ మళ్లీ మొదటికి వస్తుంది. ఎక్‌స్టైన్ ఇంట్లో వచ్చినట్టు.

మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదులను అష్కెనాజీలు అంటారు. వాళ్లలో సుమారు 30 మందికి ఒకరు ఈ జబ్బుకు వాహకులు. మిగతా జనంలో 250 నుంచి 300 మందికి ఒకరు. ఈ తేడా ఎందుకు వచ్చిందన్నది వెయ్యేళ్ల చరిత్ర. దాన్ని తెలుసుకున్న తర్వాత ఏం చేశారన్నది యాభై ఏళ్ల చరిత్ర. నాకు రెండోదే ఎక్కువ ఆసక్తి.

జబ్బుకు జాతి పేరు

1881లో లండన్ కంటి డాక్టరు వారెన్ టే ఒక పసిబిడ్డ కంటి లోపలి పొర మీద ఎర్రటి చుక్కను చూసి రాసిపెట్టాడు. పండిన చెర్రీపండు రంగు చుక్క. ఆరేళ్ల తర్వాత, 1887లో, న్యూయార్క్ నరాల వైద్యుడు బెర్నార్డ్ సాక్స్ అదే జబ్బును మెదడు వైపు నుంచి వర్ణించాడు. ఈయన యూదుడు. గోల్డ్‌మన్ సాక్స్ అనే పెట్టుబడుల సంస్థ పేరులో ఉన్న సాక్స్ ఈయన అన్నే. జబ్బు కుటుంబాల్లో నడుస్తోందని, తన దగ్గరికి వచ్చిన కుటుంబాలు దాదాపు అన్నీ యూదులవేనని సాక్స్ గమనించాడు.

గమనిక నిజమే. కాలమే బాగోలేదు. రష్యా సామ్రాజ్యంలో యూదుల మీద దాడులు మొదలై, లక్షల మంది ఓడలెక్కి అమెరికా చేరుతున్న రోజులవి. వలసలు ఆపాలని గొంతు చించుకుంటున్నవాళ్లకు ‘యూదుల జబ్బు’ అనే మాట బాగా అందివచ్చింది. వీళ్ల రక్తంలోనే తేడా ఉందనడానికి వైద్యపత్రిక సాక్ష్యం దొరికినట్టయింది. 1924లో అమెరికా తెచ్చిన వలసల చట్టం తూర్పు, దక్షిణ యూరప్‌ల నుంచి వచ్చేవాళ్లకు తలుపులు దాదాపు మూసేసింది. ‘మంచి సంతతి, చెడ్డ సంతతి’ సిద్ధాంతం నెత్తికెక్కించుకున్నవాళ్ల పలుకుబడి ఆ చట్టం వెనక ఉంది. అదే సిద్ధాంతం జర్మనీలో ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పనక్కర్లేదు.

ఇంతకీ టే-సాక్స్ యూదులకే పరిమితమా? కెనడాలోని క్యుబెక్ ఫ్రెంచి కుటుంబాల్లో ఉంది. అమెరికా లూసియానాలోని కేజన్ జనంలో ఉంది. అంతదాకా ఎందుకు, గుజరాత్‌లో ఉంది. అక్కడి పిల్లల్లో మన దేశానికే ప్రత్యేకమైన ఒక జన్యుమార్పును అహ్మదాబాద్ పరిశోధకులు పట్టుకున్నారు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న గుంపు ప్రపంచంలో ఎక్కడున్నా ఏదో ఒక జబ్బు ఇలా బలపడే వీలుంది. ఏ గుంపులో ఏ జబ్బు అన్నది ఆ తొలి కొద్దిమంది మోసుకొచ్చిన మూటను బట్టి ఉంటుంది.

1971 మే, ఒక ఆదివారం

1969లో కాలిఫోర్నియా పరిశోధకులు షింతారో ఒకడ, జాన్ ఓబ్రయన్ ఆ లోపించిన ఎంజైమ్ ఏదో కనిపెట్టారు. దాంతో ఒక దారి తెరుచుకుంది. వాహకుల రక్తంలో ఆ ఎంజైమ్ సుమారు సగమే ఉంటుంది. కొలిస్తే తెలిసిపోతుంది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేస్తున్న మైకేల్ కబాక్ అనే యువ డాక్టరుకు ఒక ఆలోచన వచ్చింది. జబ్బు బిడ్డ పుట్టేదాకా ఎందుకు ఆగాలి, ఆరోగ్యంగా ఉన్న జనాన్నే ముందుగా పరీక్షిస్తే?

ఇప్పుడు మామూలుగా వినిపిస్తోంది కానీ, వైద్యంలో అప్పటికి అలాంటిది లేదు. జబ్బు లేని మనిషిని పిలిచి, పుట్టని బిడ్డ కోసం రక్తం అడగడం. అదీ ఏ మనుషుల్ని? ‘మీ రక్తం చెడ్డది’ అన్న మాట విని అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా కాని మనుషుల్ని. యూరప్‌లో బంధువులందరినీ పోగొట్టుకున్న కుటుంబాల్ని. మనమైతే ఏం చేసేవాళ్లం? తలుపు వేసుకునేవాళ్లం.

కబాక్ పరీక్ష కన్నా ముందు ఏడాదికి పైగా మాటల మీదే గడిపాడు. రబ్బీలతో, ఊరి డాక్టర్లతో, మహిళా సంఘాలతో. మతగురువులు ప్రార్థన సమావేశాల్లో ఈ సంగతి చెప్పారు. 1971 మే నెలలో ఒక ఆదివారం నాడు వాషింగ్టన్ శివారు బెథెస్డాలోని బెత్ ఎల్ సినగాగ్‌లో రక్తం తీశారు. ఆ ఒక్కరోజు 1,500 మందికి పైగా వరుసలో నిలబడ్డారు. పరీక్ష ఆసుపత్రిలో కాకుండా ప్రార్థనాలయంలో జరగడంలోనే సగం విజయం ఉందని నా అభిప్రాయం. బయటివాడు వచ్చి వేలు చూపిస్తే అది ముద్ర. మనవాళ్లే మన గుడిలో కుర్చీ వేసి చెయ్యి చాపమంటే అది జాగ్రత్త.

2000 నాటికి ప్రపంచవ్యాప్తంగా 14 లక్షల మంది ఈ పరీక్ష చేయించుకున్నారు. భార్యాభర్తలిద్దరూ వాహకులైన జంటలు 1,400కు పైగా బయటపడ్డాయి. అమెరికా యూదుల్లో ఏడాదికి 50 మంది దాకా పుడుతుండిన టే-సాక్స్ పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతకు తగ్గారు. తొంభై శాతానికి మించిన తగ్గుదల. ఇవాళ అమెరికాలో ఈ జబ్బుతో పుట్టే పిల్లల్లో ఎక్కువమంది యూదేతరుల ఇళ్లలోనే పుడుతున్నారు. ‘యూదుల జబ్బు’ అన్న పేరును పోగొట్టింది వాదనలు కావు, రక్తపు సీసాలు.

రబ్బీలు విడిపోయిన చోట

ఈ కథలో అందరూ సుఖంగా ఉన్నారనుకోవద్దు. కబాక్ పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఇద్దరూ వాహకులని తేలిన జంట, గర్భం వచ్చాక లోపలి బిడ్డను పరీక్షించుకోవచ్చు. జబ్బు ఉందంటే గర్భం తీయించుకోవచ్చు. ఉదారవాద యూదులకు ఇది సరిపోయింది. సనాతనులకు గొంతులో ముల్లయింది.

వాళ్లలోనూ ఒక్క మాట లేదు. జెరూసలేం రబ్బీ ఎలియెజర్ వాల్డెన్‌బర్గ్ టే-సాక్స్ విషయంలో ఏడో నెల దాకా గర్భస్రావానికి అనుమతి ఉందని తీర్పు చెప్పారు. న్యూయార్క్ రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ ససేమిరా అన్నారు. ఇద్దరూ మహాపండితులే, ఇద్దరూ అదే శాస్త్రాలు తిరగేశారు. పెళ్లికి ముందు పరీక్ష చేయించుకోవడం మంచిదేనని ఫైన్‌స్టైన్ ఒప్పుకున్నారు. కాకపోతే గుంపుగా, బహిరంగంగా వద్దు, గుట్టుగా చేయాలన్నారు. పిల్లల మనసులో గుబులు పుడుతుందని ఆయన భయం.

గుట్టు! మొత్తం వ్యవహారం ఆ మాట మీదే తిరిగింది. సనాతన యూదుల్లో పెళ్లిళ్లు పెద్దలు కుదిర్చేవే. మధ్యవర్తిని షద్ఖన్ అంటారు, మన పెళ్లిళ్ల పేరయ్యే. అక్క వాహకురాలని తెలిస్తే చెల్లెలికి సంబంధాలు రావు. అన్న కొడుకు ఏదో జబ్బుతో పోయాడంటే తమ్ముడి కూతురి గురించి కూడా ఆరా మొదలవుతుంది. అందుకే టే-సాక్స్‌తో బిడ్డ పోయిన ఇళ్లు ఆ పేరు పైకి అనేవి కావు. ఎక్‌స్టైన్ మొదట మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు ఆయన మీదే ఎదురు తిరిగారు. ఊరి పరువు తీస్తున్నావన్నారు.

ఆయన చేసిన పని, జబ్బు శాస్త్రం కన్నా ఊరి మనసును ఎక్కువ చదవడం. వాహకుడని తెలియడం వల్ల మనిషికి ఏమిటి ఉపయోగం? తన ఆరోగ్యానికి ఏమీ లేదు. పెళ్లి విషయంలో తప్ప దేనికీ పనికిరాని ఆ ముక్కను మనిషికి చెప్పి బాధపెట్టడం దేనికి? ఎవరికి ఎవరు కుదరరో మాత్రం చెబితే చాలు. అలా పుట్టింది నంబరు పద్ధతి. ‘ఫలానావాడిలో దోషం’ అనే వాక్యం ఆ పద్ధతిలో ఎక్కడా ఉండదు. తర్వాత సిస్టిక్ ఫైబ్రోసిస్, కెనవాన్ వంటి మరికొన్ని జబ్బులు జాబితాలో చేరాయి.

విమర్శలు వచ్చాయి. గట్టివే. మనిషి రక్తంలోని సంగతి ఆ మనిషికే చెప్పకపోవడం ఏమి న్యాయం అని జన్యుశాస్త్ర సలహాదారులు అడిగారు. ఇది మత పెద్దలు నడిపే సంతతి ఎంపిక కాదా అన్నవాళ్లూ ఉన్నారు. బడిపిల్లల మీద ఒత్తిడి ఉంటుందని, పరీక్ష వద్దన్నవాళ్లకు సంబంధాలు ఎలా వస్తాయని ఇంకో ప్రశ్న. మందు ఉన్న గోషే జబ్బును కూడా జాబితాలో చేర్చినప్పుడు, దీనికోసం పెళ్లి ఆపడం ఏమిటని డాక్టర్లు తప్పుపట్టారు.

ఈ విమర్శల్లో చాలావరకు నేనూ ఒప్పుకుంటాను. ముఖ్యంగా గోషే విషయంలో. ఎవరి రక్తం గురించి వాళ్లకు చెప్పాలన్నది మంచి సూత్రమే. కానీ సూత్రం చెప్పే వీధిలో పెళ్లి కాని చెల్లెలు ఉండదు. సిగ్గుతో నిండిన ఊళ్లో, ఆ సిగ్గు పోయేదాకా ఆగకుండా, సిగ్గును పక్కనుంచి దాటిపోయే దారి వేశాడాయన. తమ ఇళ్లలో ఆ జబ్బుతో బిడ్డ పుట్టడం అరుదైపోయిన ఊళ్లు ఇవాళ ఉన్నాయి.

ధాన్యపు కొట్టు కింద శ్మశానం

ఇక వెయ్యేళ్ల కథ. జర్మనీలో ఎర్‌ఫుర్ట్ అనే ఊరుంది. మధ్యయుగంలో అక్కడ యూదులు బాగా బతికారు. 1349లో, ప్లేగు రోజుల్లో, వాళ్లను ఊచకోత కోశారు. కొన్నేళ్లకు మళ్లీ యూదులు వచ్చి స్థిరపడ్డారు. 1454 తర్వాత వాళ్లకూ ఊళ్లో చోటు లేకుండా పోయింది. వాళ్ల శ్మశానం మీద ఊరివాళ్లు ధాన్యపు కొట్టు కట్టారు. అయిదు శతాబ్దాలు గడిచాయి. 2013లో ఆ కొట్టును కార్ల పార్కింగ్‌గా మారుస్తుంటే కింద సమాధులు బయటపడ్డాయి.

చనిపోయినవాళ్లను కదిలించడం యూదు ధర్మంలో పెద్ద తప్పు. పరిశోధకులు స్థానిక యూదు సంఘాన్ని అడిగారు. ఎముకల జోలికి వెళ్లకుండా, ఊడిపోయిన పళ్లను వాడుకోవచ్చని ధర్మసమ్మతి దొరికింది. ఆ పళ్ల నుంచి 33 మంది డీఎన్ఏ చదివి 2022లో ఫలితాలు ప్రకటించారు. ఇవాళ్టి అష్కెనాజీల్లో ఉన్న కొన్ని జబ్బుల గుర్తులు ఆరువందల ఏళ్ల కిందటి ఆ పళ్లలోనూ ఉన్నాయి. అంటే జనం బాగా సన్నగిల్లి, మళ్లీ కొద్దిమంది నుంచి పెరిగిన ఘట్టం అంతకన్నా ముందే జరిగిపోయింది.

2014లో 128 మంది అష్కెనాజీల పూర్తి జన్యుపటం చదివినవాళ్లు ఆ ఇరుకు దారి ఎంత సన్ననిదో లెక్కగట్టారు. ఇవాళ కోటికి అటూఇటూ ఉన్న జనం సుమారు 350 మంది పూర్వీకుల గుంపు నుంచి పెరిగినట్టు తేలింది. 350 మంది! మన వైపు ఒక మోస్తరు పెళ్లి పందిట్లో అంతకన్నా ఎక్కువమంది కూర్చుంటారు. ఆ పందిట్లో ఒకరి రక్తంలో ఒక చిన్న తేడా ఉందనుకోండి. వాళ్ల పిల్లలు పన్నెండుమంది బతికారనుకోండి. తరవాతి ముప్ఫై తరాలు ఆ పందిరి దాటి సంబంధాలు చేయకపోతే ఆ తేడా ఎంతమందికి చేరుతుందో ఊహించుకోవచ్చు.

ఇంత తేలికైన వివరణ ఉండగా, 2005లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం నుంచి ఒక వాదన బయల్దేరింది. ఈ జబ్బు జన్యువులు యూదులకు తెలివితేటలు పెంచడం వల్లే నిలిచాయని. పత్రికలకు పండగే. నాకైతే ఇది ‘యూదుల జబ్బు’ అనే పాత మాటకు పొగడ్త చొక్కా తొడిగినట్టుగా ఉంది. ఒక జాతి రక్తంలో రోగం ఉందనడమూ, మేధ ఉందనడమూ ఒకే చెట్టు కాయలు. కొద్దిమంది పూర్వీకులు, కాకతాళీయం అనే రెండు మాటలతో చాలావరకు లెక్క సరిపోతుందని జన్యుశాస్త్రవేత్తలు చూపించారు.

ఎక్కువ వెతికితే ఎక్కువ దొరుకుతుంది

1990లో మేరీ-క్లెయిర్ కింగ్ అనే అమెరికా శాస్త్రవేత్త రొమ్ము క్యాన్సర్‌కు దారితీసే ఒక జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపించారు. అదే బీఆర్‌సీఏ-1. అది చెడితే స్త్రీకి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు 70 శాతం దాకా వెళుతుంది. 1995లో మరో బృందం 858 మంది అష్కెనాజీల రక్త నమూనాలు చూసి, వాళ్లలో ఎనిమిది మందిలో ఒకే రకం లోపాన్ని గుర్తించింది. తర్వాత బీఆర్‌సీఏ-2 కూడా కలిపి ఇలాంటివి మొత్తం మూడని, ప్రతి 40 మందిలో ఒకరికి వీటిలో ఏదో ఒకటి ఉందని తేలింది.

ఆ 858 నమూనాలు ఎక్కడివి? క్యాన్సర్ కోసం ఇచ్చినవి కావు. వేరే జన్యుపరీక్షల కోసం ఇచ్చిన రక్తం. ఇక్కడే యూదు సంఘాల్లో గుబులు పుట్టింది. ముందుకొచ్చి రక్తం ఇచ్చినందుకు, ప్రతి కొత్త జబ్బూ మొదట మన పేరుతోనే పత్రికల్లోకి వస్తోందే! బీమా కంపెనీలు ఏమంటాయి, పెళ్లివాళ్లు ఏమంటారు?

ఆ గుబులులో న్యాయం ఉంది. అష్కెనాజీలు మిగతావాళ్లకన్నా జబ్బుమనుషులని సైన్స్ ఎప్పుడూ చెప్పలేదు. వాళ్లను ఎక్కువగా వెతికింది, అంతే. దీపం కింద పోయిన ఉంగరమే దొరుకుతుంది, చీకట్లో పోయినవి లెక్కలోకి రావు.

తాతల లెక్క

2024లో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ యూదుల కోసం ఉచిత బీఆర్‌సీఏ పరీక్ష కార్యక్రమం మొదలుపెట్టింది. ఇంటికి వచ్చిన డబ్బాలో ఉమ్మి పంపితే సరిపోయేది. ఎవరు అర్హులు? తాతల్లో, అమ్మమ్మ నాయనమ్మల్లో ఒక్కరైనా యూదులై ఉంటే చాలన్నారు.

ఈ నిబంధన చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. ఈ లెక్క ఇదివరకే రెండుసార్లు వచ్చింది. 1935లో నాజీల న్యూరెంబర్గ్ చట్టం ఆ నలుగురినీ లెక్కపెట్టింది. కనీసం ముగ్గురు యూదులైతే నువ్వు యూదుడివి, ఒకరో ఇద్దరో అయితే చాలావరకు మిశ్రమ రక్తం. పైగా రక్తం గురించి అంత వాగిన ఆ చట్టానికి రక్తంలో ఏమీ కనిపించలేదు. చివరికి చూసింది తాత ఏ మతం రిజిస్టరులో ఉన్నాడనే. 1970లో ఇజ్రాయెల్ తన ‘తిరిగి వచ్చే హక్కు’ చట్టాన్ని సవరించి, యూదుల మనవలకు కూడా దేశంలోకి వచ్చే హక్కు ఇచ్చింది. ఒకరు చంపడానికి లెక్కపెట్టారు, ఒకరు తలదాచుకోనివ్వడానికి, ఒకరు క్యాన్సర్ పట్టుకోవడానికి. తాత మాత్రం ఒకడే.

ఈ మూడు లెక్కలూ యూదు ధర్మశాస్త్రానికి సరిపడవు. దాని ప్రకారం తల్లి యూదురాలైతే బిడ్డ యూదుడు, లేదా పద్ధతిగా మతంలోకి వచ్చినవాడు యూదుడు. జన్యువుల ఊసే లేదు. ఇక మామూలు జనం ఏమనుకుంటారు? 2013లో ప్యూ పరిశోధన సంస్థ అమెరికా యూదులను అడిగింది, మీ దృష్టిలో యూదుడై ఉండటానికి ఏది ముఖ్యం అని. నాజీల మారణహోమాన్ని గుర్తుంచుకోవడం అన్నవాళ్లు 73 శాతం. ధర్మశాస్త్రం పాటించడం అన్నవాళ్లు 19 శాతం. హాస్యచతురత అన్నవాళ్లు 42 శాతం! శాస్త్రానికన్నా జోకుకు రెట్టింపు ఓట్లు.

ఈ లెక్కల్లో మన దేశంవాళ్లూ నలిగారు. కొంకణ తీరంలో గానుగలు ఆడించి, శనివారం పని ఆపేసే బెనె ఇజ్రాయెల్ జనాన్ని చుట్టుపక్కలవాళ్లు ‘శనివారపు తేలీలు’ అనేవారు. వాళ్లు ఇజ్రాయెల్ చేరాక, 1960ల మొదట్లో, పెళ్లి చేయాలంటే మీ వంశం విచారించాలని అక్కడి ప్రధాన రబ్బీ కార్యాలయం మెలిక పెట్టింది. వీధుల్లోకి వచ్చి పోరాడారు. 1964లో పార్లమెంటు వాళ్లు అందరితో సమానమైన యూదులేనని తేల్చింది. 2016లో వచ్చిన డీఎన్ఏ అధ్యయనం వాళ్లలో భారతీయ మూలాలూ, మధ్యప్రాచ్య యూదు మూలాలూ రెండూ ఉన్నాయని చెప్పింది. యాభై ఏళ్ల ముందు ఆ పరీక్ష ఉండి, ఫలితం ఇంకోలా వస్తే ఏం చేసేవారు? వెనక్కి పంపేవారా?

గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము బెనె ఎఫ్రయీమ్ అనే యూదులమని చెప్పుకునే కుటుంబాలున్నాయి. మాదిగ సామాజికవర్గం నుంచి వచ్చినవాళ్లు. సినగాగ్ ఉంది, హీబ్రూ ప్రార్థనలున్నాయి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వాళ్ల మధ్య ఉండి చూసి 2013లో ‘ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ అనే పుస్తకం రాశారు. వీళ్లు నిజం యూదులా కాదా అన్న ప్రశ్నను పక్కనపెట్టి, కులం మోపిన పేరుకు బదులు తమ పేరు తాము చెప్పుకోవడం ఎలా ఉంటుందో ఆ పుస్తకం చూసింది. సరైన ప్రశ్న అదే.

హైదరాబాద్‌లో ఉన్న సంగతి

ఇంత దూరపు కథ ఎందుకంటారా? దీని కొస హబ్సీగూడలో ఉంది. 2009లో అక్కడి సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి భారతీయ జనాల జన్యుచరిత్ర మీద ఒక వ్యాసం ప్రచురించారు. అందులో ఒక గుంపు ప్రత్యేకంగా కనిపించింది. తెలుగు నేల మీది వైశ్యులు. సుమారు రెండు మూడు వేల ఏళ్లుగా బయటి రక్తం దాదాపు కలవకుండా ఉన్నవాళ్లని తేలింది. 2017లో అదే బృందాలు దక్షిణాసియాలోని 260కు పైగా గుంపుల నుంచి 2,800 మందికి పైగా జనాన్ని పరిశీలించాయి. అష్కెనాజీలకన్నా సన్నని ఇరుకు దారిలోంచి వచ్చిన గుంపులు 81 తేలాయి. వాటిలో 14 గుంపుల జనాభా పది లక్షలు దాటుతుంది. యూదులది వింత కథ కాదన్నమాట. మన వీధిలోనూ ఉన్న కథ.

మేనరికం గురించి అందరికీ తెలుసు. మేనమామ కూతుర్ని చేసుకుంటే పిల్లలకు ఇబ్బందులు రావచ్చని ఇప్పుడు పల్లెల్లోనూ అనుకుంటున్నారు. ఇది అది కాదు. గోత్రాలు వేరు, ఊళ్లు వేరు, ఏడు తరాల్లో చుట్టరికం లేదు. అయినా ఇద్దరూ అదే పాత పందిట్లోంచి వచ్చినవాళ్లే. ఆర్యవైశ్యులకు 102 గోత్రాలంటారు. గోత్రం తప్పించి చేసుకోవడం దగ్గరి చుట్టరికాన్ని కొంత తప్పిస్తుంది. వేల ఏళ్ల నాటి ఇరుకు దారిని అది తప్పించలేదు.

దీని ఫలితం ఆపరేషన్ గదిలో కనిపించింది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినిల్‌కొలిన్ అనే మందు వాడతారు. థియేటర్లో స్కోలిన్ అంటారు. మామూలు మనిషిలో కొద్ది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. రక్తంలోని బ్యుటిరిల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది. ఆ ఎంజైమ్ లేనివాళ్లలో గంటలు పడుతుంది. మెలకువ వచ్చినా ఛాతీ కదలదు, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. వెంటిలేటర్ మీద ఉంచితే మందు దిగేదాకా ఆగి బయటపడతారు. ముందే తెలిస్తే వేరే మందు వాడితే సరిపోతుంది. ఈ లోపం మిగతావాళ్లకన్నా వైశ్యుల్లో సుమారు వంద రెట్లు ఎక్కువని పరిశోధకుల అంచనా. దీని వల్ల మనిషికి మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. ఆ బల్ల ఎక్కిన రోజే.

డేవిడ్ రైక్ తన 2018 పుస్తకంలో దోర్ యెషోరిమ్ గురించి రాస్తూ, పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లున్న భారతదేశానికి ఇలాంటిది సరిగ్గా నప్పుతుందన్నారు. నప్పుతుంది. భయమూ ఉంది. ‘కోమట్ల జబ్బు’ అని రేపు ఎవడైనా అనకుండా ఉంటాడా? అనేవాడు ఉంటాడు. న్యూయార్క్‌లోనూ ఉన్నాడు. బెథెస్డాలో రక్తం తీసింది ప్రార్థనాలయంలో అని ముందే చెప్పుకున్నాం. మన దగ్గర వాసవీ కన్యకాపరమేశ్వరి గుడులున్నాయి, సంఘాలున్నాయి, ఏటా వధూవరుల పరిచయ వేదికలున్నాయి. ఫోటో, జాతకం, జీతం, వీసా వివరాలన్నీ చేతులు మారే చోటు అది. 81 గుంపుల్లో తక్కినవాళ్లకూ ఇలాంటి వేదికలే ఉన్నాయి. తమ మూటలో ఏముందో వాళ్లలో చాలామందికి ఇంకా ఎవరూ విప్పి చూపించలేదు.

అదంతా జరగడానికి సంఘం కదలాలి, డబ్బు కావాలి, ఏళ్లు పడతాయి. ఈలోపు ఒక పని ఇంట్లో కూర్చుని చేయొచ్చు. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఆపరేషన్ అయ్యాక ఎవరైనా ఊపిరి అందక గంటల కొద్దీ వెంటిలేటర్ మీద ఉన్నారా అని. ఉన్నారంటే, ఆ ఇంట్లో తర్వాత ఎవరు ఆపరేషన్‌కు వెళ్లినా ఆ మాట మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.